ఫొటోకి ముందు పేరు, తర్వాత కదలిక

హనుమాన్ జంక్షన్ చుట్టుపక్కల ఇప్పుడు ఏ ఫంక్షన్ హాలుకి వెళ్లినా వేదిక పక్కన ఎల్‌ఈడీ స్క్రీన్ కనిపిస్తోంది. పెళ్లికి సరే, ఓణీల ఫంక్షన్‌కి, షష్టిపూర్తికి, మాస్టారి రిటైర్మెంటుకి, ఆఖరికి పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర కూడా పెడుతున్నారు. దాని మీద ఇంటివాళ్ల పాత ఫొటోలు వరసగా వస్తుంటాయి. ఫొటోల మీద అక్షరాలు ఎగురుతూ, గింగిరాలు తిరుగుతూ, మెరుస్తూ దిగుతాయి. తీరా దిగాక చదివితే ‘స్వీట్ మెమరీస్’ అనో, ‘లవ్లీ ఫ్యామిలీ’ అనో ఉంటుంది. పంచె కట్టుకుని, చేతికర్రతో నిలబడ్డ ఆ పెద్దాయన ఎవరో మాత్రం ఎక్కడా ఉండదు.

అదే సమయంలో మూడో వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ పక్కనున్న మనవరాలితో అంటూ ఉంటుంది: “అదుగోనే, మా మేనమామ. నూజివీడు నుంచి బండి కట్టుకుని మామిడిపళ్లు తెచ్చేవాడు మాకు.” ఆ మాట విన్నది ఒక్కరే. తెర మీద ఉంటే హాలంతా చదివేది. అమెరికాలో కూర్చుని లైవ్ చూస్తున్న చుట్టాలు కూడా చదివేవాళ్లు.

ఆవిడ నోట్లో ఉన్న ఆ మాటని తెర మీదకి తేవడమే ఈ అధ్యాయంలో మనం నేర్చుకోబోయే పని. అక్షరాలకి కదలిక ఇవ్వడం ఎలాగో కూడా చెబుతాను, వివరంగానే చెబుతాను. కానీ ఒక్క విషయం ముందే ఒప్పుకుని మొదలుపెడదాం. కదలిక ఉన్నది చూసేవాళ్ల చూపుని ముందు ముఖం మీదకి, అక్కణ్ణించి పేరు మీదకి నడిపించడానికి. ఆ పని చెయ్యని కదలిక ఎంత అందంగా ఉన్నా తీసేయండి.

మాట ఎక్కణ్ణించి వస్తుంది?

కంప్యూటర్ ముందు కూర్చోకముందే సగం పని అయిపోవాలి. ఆల్బమ్ తీసుకుని ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల దగ్గర కూర్చోండి. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. “అమ్మమ్మా, ఈ ఫొటోలో ఎవరెవరున్నారు?” అని అడిగితే పేర్లు మాత్రమే వస్తాయి. “ఆ రోజు ఎందుకు తీయించుకున్నారు?” అని అడగండి. అప్పుడు కథ వస్తుంది. స్టూడియోకి ఎలా వెళ్లారో, ఆ చీర ఎవరిదో, ఆ చివర ఉన్న పిల్లాడు ఫొటో తియ్యగానే ఎందుకు ఏడ్చాడో అన్నీ వస్తాయి. అందులోంచి ఒక్క ముక్క తీసుకుంటే చాలు, క్యాప్షన్ తయారైనట్టే.

తేదీలు గుర్తులేవంటారు. గుర్తుంటాయి, కాకపోతే అంకెల్లో ఉండవు. కృష్ణా డెల్టాలో పెద్దవాళ్లు కాలాన్ని పుష్కరాలతో కొలుస్తారు. కృష్ణా పుష్కరాలు 1968, 1980, 1992, 2004, 2016లలో వచ్చాయి. “అది పుష్కరాలకి ముందు ఫొటోనా, తర్వాతదా? అప్పటికి మామయ్య పుట్టాడా?” అని అడిగితే రెండు ప్రశ్నల్లో నాలుగైదేళ్ల తేడాలోకి వచ్చేస్తారు. దివిసీమ వైపు వాళ్లకి ఉప్పెన గుర్తు, 1977 నవంబరు 19. ఫొటో వెనకాల కనిపించేవి కూడా సాక్ష్యాలే. పూర్తయిన ప్రకాశం బ్యారేజీ కనిపిస్తే ఆ ఫొటో 1957 కంటే పాతది కాదు. గోడ మీద ఎన్నికల సైకిల్ గుర్తు ఉంటే 1982 తర్వాతిది, ఎందుకంటే తెలుగుదేశం పార్టీ పుట్టిందే ఆ ఏడాది మార్చిలో. మన హైవే పక్కన బోర్డు మీద ఎన్‌హెచ్ 5 అని రాసి ఉంటే ఆ బోర్డు పాతకాలానిది, 2010లో నంబర్లు మార్చాకే ఇది 16 అయింది. ఫొటో మూలన కెమెరా వేసిన నారింజ రంగు తేదీని మాత్రం గుడ్డిగా నమ్మకండి. బ్యాటరీ మార్చినప్పుడు తేదీ సరిచెయ్యని కెమెరాలు బోలెడు.

ఊరి పేరు రాసేటప్పుడు ఒక మాట. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. నూజివీడు ఏలూరు జిల్లాలోకి వెళ్లింది, విజయవాడ ఎన్టీఆర్ జిల్లా అయింది, హనుమాన్ జంక్షన్ ఉన్న బాపులపాడు మండలం కృష్ణాలోనే ఉండిపోయింది. 1975 నాటి నూజివీడు ఫొటోకి ‘కృష్ణా జిల్లా, నూజివీడు’ అనే రాయండి. ఆ ఫొటోలో నిలబడ్డవాళ్లు తమ ఊరిని అలాగే చెప్పుకునేవాళ్లు.

ఫొటో వెనక్కి కూడా తిప్పి చూడండి. మన పెద్దవాళ్లు ఇంకు పెన్నుతో వెనకాల పేర్లు, తేదీ రాసే అలవాటున్నవాళ్లు. ముందువైపు ఎలా ఫొటో తీస్తారో వెనకవైపు కూడా అలాగే ఫోన్‌తో తీసి ఉంచుకోండి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి నీళ్లలో నానిన ఆల్బమ్‌లో ఫొటో రంగు కొంత మిగిలినా వెనకాల ఇంకు అక్షరాలు మిగలవు. నదుల మధ్య బతికేవాళ్లం మనం. ఈ పని వాయిదా వేయదగ్గది కాదు.

ఎవరి పేరు రాయాలి?

అందరిదీ. ఇది నేను గట్టిగా చెప్పదలచుకున్న విషయం. పాత ఫొటోలకి క్యాప్షన్లు రాసేవాళ్లు ఎక్కువమంది మగవాళ్ల పేర్లు రాసి, ఆడవాళ్ల దగ్గరకి వచ్చేసరికి ‘ఫలానా గారి భార్య’, ‘ఫలానా గారి తల్లి’ అని ఆపేస్తారు. ఆవిడకి ఒక పేరుంది. పుట్టింటి ఇంటిపేరు ఉంది. తెలుసుకుని రాయండి. మునిమనవలకి ఆవిడ పేరు తెలిసే దారి ఇదొక్కటే కావచ్చు. అలాగే కుటుంబం ఫొటోలో ఓ పక్కన నిలబడ్డ పాలేరు, చంటిబిడ్డని ఎత్తుకున్న పనిమనిషి, వీళ్ల పేర్లు కూడా అడిగి తెలుసుకోండి. ‘పనివాళ్లు’ అని రాయకండి.

పోయినవాళ్ల పేరు ముందు ‘కీ.శే.’ పెట్టడం మన ఆచారం. శ్రద్ధాంజలి వీడియోలో అది సబబే. పెళ్లి స్లైడ్‌షోలో ప్రతి ఫొటోకీ పెట్టుకుంటూ పోతే మంగళకరమైన చోట అంతా పోయినవాళ్ల జాబితాలా కనిపిస్తుంది. అక్కడ ‘తాతయ్య’ అని బంధుత్వం రాసి, కింద పేరు రాస్తే గౌరవమూ ఉంటుంది, ఆప్యాయతా ఉంటుంది. ఏ వరసతో పిలవాలన్నది వీడియో ఎవరి వైపు నుంచి నడుస్తోందో దాన్నిబట్టి ఉండాలి. పెళ్లికూతురి వీడియో అయితే ఆ అమ్మాయి పిలిచే పిలుపే రాయాలి. ఒక ఫొటోలో ‘పెద్దనాన్న’, తర్వాతి ఫొటోలో అదే మనిషి ‘బావగారు’ అయితే చూసేవాళ్లు తికమకపడతారు.

మాటలు తక్కువ ఉండాలి. ఒక క్యాప్షన్‌కి రెండు వరసలు మించకండి. ‘1992 పుష్కరాలు, దుర్గా ఘాట్’ అని ఒక వరస. ‘అమ్మమ్మ, పెద్దమ్మ, చంకలో అన్నయ్య’ అని రెండో వరస. ‘మధురమైన క్షణాలు’ అనకండి. క్షణం ఎంత మధురమో ముఖాల్లో కనిపిస్తూనే ఉంది. కనిపించని సంగతి రాయండి.

విదేశాల్లో పెరిగిన పిల్లలు తెలుగు మాట్లాడినా చదవలేకపోవచ్చు. నాయనమ్మకి ఇంగ్లీషు రాకపోవచ్చు. అందుకని తెలుగుని పెద్దగా రాసి, కింద పేరు మాత్రం చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఇవ్వండి. వాక్యం మొత్తం రెండు భాషల్లో పెడితే తెర నిండిపోయి ముఖం కనపడదు. దీనికి ఇంకా మంచి దారి మీరు రికార్డు చేసుకున్న పెద్దవాళ్ల గొంతే. రెండు మూడు ఫొటోల దగ్గర పాట తగ్గించి ఆ గొంతు వినిపించండి. చదవలేని పిల్లలకీ అర్థమవుతుంది. యూట్యూబ్‌లో పెట్టినప్పుడు సినిమా పాటకి హక్కుల గొడవ రావచ్చు, అమ్మమ్మ గొంతుకి రాదు.

తెలుగు అక్షరంతో వచ్చే చిక్కు

ఇప్పుడు కంప్యూటర్ దగ్గరకి వద్దాం. క్యాప్షన్లకి కదలిక నేర్పే పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలని దృష్టిలో పెట్టుకుని చేసినవే. అందరికీ ముందు నచ్చేది టైప్‌రైటర్ ఎఫెక్ట్, ఒక్కో అక్షరం టకటకా పడుతూ రావడం. ఇంగ్లీషుకి బాగుంటుంది. తెలుగుకి పెట్టి చూడండి.

‘లక్ష్మి’ మనకి రెండక్షరాలు. యూనికోడ్‌లో అవి ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. సంకేతాల లెక్కన ఒక్కొక్కటీ విడుదల చేసే యాప్‌లో తెర మీద ముందు ‘ల’ పడుతుంది, తర్వాత ‘లక’ అవుతుంది, ‘లక్’ అవుతుంది, ‘లక్ష’ అవుతుంది, ‘లక్ష్’ అయి, ‘లక్ష్మ’ అయి, చివరికి ‘లక్ష్మి’ అవుతుంది. పేరు పూర్తయ్యేలోపు ఆరు తప్పులు కనిపిస్తాయి. కొన్ని యాప్‌లలో ఇంకా ఘోరం. గుడి, దీర్ఘం విడిగా చుక్కల గుండ్రాల మీద వేలాడతాయి. అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్ కూడా ఇలాంటి పనే చెయ్యగలదు, వత్తుని అక్షరం నుంచి విడదీసి పక్కకి నెడుతుంది.

దీనికి మందు సులువైనది. తెలుగుకి అక్షరం లెక్కన కదలిక పెట్టకండి. మాట లెక్కన పెట్టండి, లేదా వరస లెక్కన పెట్టండి. పవర్‌పాయింట్‌లో అయితే యానిమేషన్ పేన్ తెరిచి, ఎఫెక్ట్ ఆప్షన్స్‌లో ‘యానిమేట్ టెక్స్ట్’ దగ్గర ‘బై లెటర్’ వదిలేసి ‘బై వర్డ్’ గానీ ‘ఆల్ ఎట్ వన్స్’ గానీ ఎంచుకోండి.

అయినా రాస్తున్నట్టే రావాలని మనసు లాగుతుంటే ‘వైప్’ వాడండి. వాక్యం మొత్తం ముందే సరిగ్గా తయారై ఉంటుంది. ఎడమ నుంచి కుడికి దాని మీద తెర తీసినట్టు బయటపడుతుంది, అంతే. అక్షరం విరగదు, చేత్తో రాస్తున్న భావన వస్తుంది. పవర్‌పాయింట్‌లో వైప్ మామూలుగా కింది నుంచి పైకి వస్తుంది. దాన్ని ‘ఫ్రమ్ లెఫ్ట్’ అని మార్చుకోవాలి. ఫోన్ యాప్‌లలో కూడా ఇదే పేరుతోనో, ‘రివీల్’ అన్న పేరుతోనో దొరుకుతుంది. ఈ అధ్యాయంలోంచి ఒక్క సాంకేతిక విషయమే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి.

ఫాంట్ సంగతి. డీటీపీ సెంటర్లలో శుభలేఖలకి వాడే పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు. అక్కడ టైప్ చేయించిన మాటని తెచ్చి వీడియో యాప్‌లో అతికిస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. యూనికోడ్ తెలుగులో ఫోన్‌లోనే టైప్ చేసుకోండి. ఉచితంగా దొరికే మంచి ఫాంట్లు మనకి చాలానే ఉన్నాయి. మండలి, ఎన్టీఆర్, రామభద్ర, సూరన్న, ధూర్జటి లాంటివి సిలికానాంధ్ర అందరికీ ఉచితంగా ఇచ్చింది, గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి. మన పక్క ఊరి పేరున్న హింద్ గుంటూరు కూడా అక్కడే దొరుకుతుంది. పేర్లకి రామభద్ర లాంటి లావు అక్షరం, వివరానికి మండలి లాంటి మామూలు అక్షరం, ఈ రెండూ చాలు. ఎల్‌ఈడీ తెర మీద సన్నటి గీతల ఫాంట్ కరిగిపోతుంది. దగ్గర నుంచి ఫోన్‌లో ముచ్చటగా కనిపించింది హాల్లో వెనక వరసకి కనపడకపోవడానికి కారణం అదే.

ఫాంటు, యాపు సరిపడ్డాయో లేదో చూడ్డానికి మన ఊరి పేరే మంచి పరీక్ష. ‘హనుమాన్ జంక్షన్‌లో’ అని టైప్ చేయండి. క్ష సరిగ్గా కలిసిందా? ‘న్’ పొల్లు నిలబడిందా, లేక ల ఒత్తుగా కిందికి జారి ‘జంక్షన్లో’ అయిందా? జారితే కంగారు పడక్కర్లేదు. ‘హనుమాన్ జంక్షన్ దగ్గర’ అని మాట మార్చుకోండి, చిక్కు పోతుంది. తర్వాత ‘జ్యోత్స్న’, ‘సుబ్రహ్మణ్యం’, ‘స్త్రీ’ రాసి చూడండి. ఒత్తుల అడుగు భాగం తెగిపోతుంటే టెక్స్ట్ బాక్స్ ఎత్తు పెంచండి. తెలుగు అక్షరం పైకి గుడితో, కిందికి ఒత్తుతో పెరుగుతుంది కాబట్టి రెండు వరసల మధ్య ఇంగ్లీషుకిచ్చేదానికంటే ఎక్కువ చోటు కావాలి.

అడోబ్ ప్రీమియర్‌లో పనిచేసే స్టూడియో కుర్రాళ్లకి ఒత్తులు విడిపోయి కనిపిస్తుంటే, ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ని ‘సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్’ అని మార్చుకోవాలి. మీ యాప్ ఎంతకీ లొంగకపోతే చివరి ఉపాయం ఒకటుంది. క్యాప్షన్‌ని పవర్‌పాయింట్‌లోనో, పిక్సెల్‌ల్యాబ్‌లోనో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, ఆ బొమ్మనే స్లైడ్‌షోలో ఫొటో మీద పెట్టి కదిలించండి. బొమ్మలోని అక్షరాన్ని ఏ యాపూ విరగ్గొట్టలేదు.

కదలిక

నిశ్చలంగా ఉన్న ఫొటోని నెమ్మదిగా దగ్గరకి లాగుతూ, పక్కకి జరుపుతూ చూపించే పద్ధతికి అమెరికా డాక్యుమెంటరీ దర్శకుడు కెన్ బర్న్స్ పేరు పెట్టారు. 1990లో ఆయన తీసిన అంతర్యుద్ధం సిరీస్‌లో పాత ఫొటోలన్నీ అలాగే కదులుతాయి. ఇప్పుడు మన ఫోన్ యాప్‌లు కూడా అడక్కుండానే ఆ కదలిక పెట్టేస్తున్నాయి. ఫొటో ఒక వైపు జరుగుతూ, అక్షరాలు ఇంకో వైపు నుంచి దూసుకొస్తే కన్ను దేని వెంట పోవాలో తెలియక రెండూ వదిలేస్తుంది. బస్సు ఆగాకే దిగమంటాం కదా. ఫొటో కదలిక నెమ్మదించాకే అక్షరాన్ని దింపండి.

వరస ఇలా ఉండాలి. ఫొటో వస్తుంది. రెండు సెకన్లు మాట లేకుండా ముఖాలు చూడనివ్వండి. అప్పుడు పేరు వస్తుంది, అర సెకను నుంచి ఒక సెకనులోపు. వచ్చాక కదలకుండా నిలబడుతుంది. పోయేటప్పుడు ఫొటోతోపాటే పోతుంది, విడిగా ఎగిరిపోనక్కర్లేదు. వచ్చేటప్పుడు వేగంగా వచ్చి చివర్లో నెమ్మదించేలా పెట్టే సదుపాయం చాలా యాప్‌లలో ‘ఈజ్’ అన్న పేరుతో ఉంటుంది. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఓలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో చెప్పిన పన్నెండు సూత్రాల్లో ఇదొకటి. బండైనా, మనిషైనా, ఊగే కొమ్మైనా ఉన్నట్టుండి ఆగదు. అక్షరం కూడా అలా నెమ్మదించి ఆగితే కంటికి హాయిగా ఉంటుంది.

మొత్తం వీడియోకి ఒకే రకం కదలిక ఎంచుకోండి. మహా అయితే రెండు. యాప్‌లో యాభై ఉన్నాయని యాభై వాడితే చూసేవాళ్లు ఈసారి అక్షరం ఎలా వస్తుందా అని చూస్తారు, ఎవరి పేరు వచ్చిందో చూడరు. ఓణీల ఫంక్షన్‌లో పిల్లల ఫొటోలకి చిన్న గెంతు బాగుంటుంది. షష్టిపూర్తికి వైప్. శ్రద్ధాంజలికి నెమ్మదిగా తేలివచ్చే ఫేడ్ తప్ప ఇంకేదీ వద్దు. పోయిన మనిషి పేరు గిరగిరా తిరుగుతూ రావడం చూస్తే ఇంట్లోవాళ్లకి ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

టపటపా వెలిగి ఆరే అక్షరాలు అసలే వద్దు. ఇది అందం గురించి అంటున్న మాట కాదు. సెకనుకి మూడుసార్లకి మించి మెరిసే తెర మూర్ఛ జబ్బున్నవాళ్లకి ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక కార్టూన్ ఎపిసోడ్‌లో ఎరుపు నీలం రంగులు అలా మెరిసినందుకు వందలమంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. మీ హాల్లో మూడొందలమంది ఉంటారు, అందులో ఎవరికి ఏముందో మీకు తెలియదు.

ఎంతసేపు నిలపాలి?

బందరులో పుట్టిన రఘుపతి వెంకయ్య నాయుడు, ఆయన కొడుకు ప్రకాశ్ మద్రాసులో సినిమాలు తీసిన రోజుల్లో తెర మీద మాట వినపడేది కాదు. 1921 నాటి ‘భీష్మ ప్రతిజ్ఞ’ మూకీ. ఆ కాలంలో కథంతా సీన్ల మధ్య వచ్చే అక్షరాల అట్టల మీదే నడిచేది. చదవడం రానివాళ్ల కోసం హాల్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపించేవారు. అట్ట తెర మీద ఎంతసేపుండాలో ఆ చదివే మనిషి నోటిని బట్టి తేలాల్సిందే. మీ క్యాప్షన్‌కీ అదే కొలత పెట్టుకోండి. రాసినదాన్ని పైకి, నిదానంగా, రెండుసార్లు చదవండి. ఎంతసేపు పట్టిందో అంతసేపు తెర మీద ఉంచండి.

టీవీ సబ్‌టైటిళ్లకి బీబీసీ నిమిషానికి 160 నుంచి 180 మాటలు అంటుంది. ఆ లెక్క మనకి పనికిరాదు, అది ఇంగ్లీషుది. తెలుగులో ‘వెళ్లొచ్చినప్పటిది’ అంటే ఒక్క మాటే. మన ‘1992 పుష్కరాలు’ రెండు వరసలూ రెండుసార్లు చదవడానికి సుమారు ఏడు సెకన్లు పడుతుంది. ముందు మాట లేకుండా వదిలిన రెండు సెకన్లు కలిపితే తొమ్మిది. అంటే నలభై ఫొటోలకి ఆరు నిమిషాలు. ఆరు నిమిషాలు మించితే హాల్లో ఎవరూ చూడరు, కనక నలభై దాటకండి. రెండొందల ఫొటోలు పట్టుకొచ్చి ఒక్కోటి రెండు సెకన్లు చూపించడం కంటే నలభై మందిని నిజంగా పరిచయం చెయ్యడం మేలు. మిగతా ఫొటోలు ఇంటి దగ్గర చూసుకోవడానికి వేరే పెద్ద వీడియోగా చేసుకోండి. దానికి తొందర లేదు.

తెర, రంగు, హాలు

అక్షరం తెల్లగా ఉండి, వెనక పలచటి నల్ల పట్టీ ఉంటే ఏ ఫొటో మీదైనా చదవొచ్చు. పెళ్లి వీడియోల్లో ఎర్ర నేపథ్యం మీద బంగారు అక్షరం పెట్టే అలవాటుంది. ఫోన్‌లో వైభవంగా ఉంటుంది, హాలు లైట్ల వెలుగులో ఏమీ కనపడదు. తెర అంచుల నుంచి పదోవంతు చోటు వదిలి అక్షరం పెట్టండి. ఎల్‌ఈడీ స్క్రీన్ అన్నీ టీవీలా పొడుగ్గా ఉండవు. 12 అడుగులకి 8 అడుగుల తెర మీద టీవీ కొలత వీడియో వేస్తే అంచులు తెగొచ్చు, ముఖాలు సాగొచ్చు. స్క్రీన్ అద్దెకిచ్చే అతన్ని కొలత ముందే అడగండి, వీలైతే ఫంక్షన్‌కి ముందురోజు సాయంత్రం ఒకసారి వేసి చూడండి. మీరు వెనక వరస కుర్చీలో కూర్చుని చూడాలి. అక్కణ్ణించి పేరు చదవగలిగితే పని అయినట్టు.

వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోయి అక్షరాల అంచులు చెదురుతాయి. ‘డాక్యుమెంట్’గా పంపండి, 2 జీబీ వరకూ వెళుతుంది. అంతకంటే పెన్‌డ్రైవ్ చేతికివ్వడం నయం.

పేర్లని యాప్‌లో మాత్రమే ఉంచకండి

స్టూడియోల్లో ఫొటో స్లైడ్‌షోలకి ఏళ్ల తరబడి వాడిన ప్రోషో సాఫ్ట్‌వేర్ కంపెనీ 2020 మొదట్లో మూతపడింది. అదే ఏడాది జూన్ 29న ప్రభుత్వం నిషేధించిన 59 చైనా యాప్‌లలో వీడియో ఎడిటింగ్ యాప్ వివా వీడియో కూడా ఉంది. దాని లోపలే ప్రాజెక్టులు ఉంచుకున్నవాళ్లకి ఎంత ఇబ్బందో ఊహించుకోవచ్చు. మీరు కష్టపడి సేకరించిన పేర్లు కూడా అలా ఏదో ఒక యాప్ లోపల చిక్కుకుపోకూడదు. ప్రతి ఫొటోకీ ఒక నంబరు వేసి, ఆ నంబరు కింద పేర్లు, ఊరు, ఏడాది ఒక పుస్తకంలో చేత్తో రాయండి. గూగుల్ షీట్‌లో ఇంకో కాపీ ఉంచుకుని చుట్టాలందరికీ పంపండి. తప్పులుంటే వాళ్లే దిద్దుతారు. “అది మీ పెద్దమ్మ కాదురా, మా చిన్నక్క” అని ఫోన్ వస్తే సంతోషించండి, ఇంకో పేరు సరైంది. వీడియో మీద ఒకసారి ముద్రించిన తప్పు దిద్దడం కష్టం, పుస్తకంలో తప్పు గీత కొట్టి దిద్దొచ్చు. అందుకని పుస్తకం ముందు, వీడియో తర్వాత.

మామూలుగా ఈ పని ఫంక్షన్ ఇంకో వారం ఉందనగా మొదలవుతుంది. అప్పుడు పెద్దవాళ్లకి తీరిక ఉండదు, మీకు ఓపిక ఉండదు, స్టూడియో వాళ్లు ‘స్వీట్ మెమరీస్’ పెట్టి పంపేస్తారు. మీ ఇంట్లో ఇప్పుడు ఏ ఫంక్షనూ లేకపోతే ఇదే మంచి సమయం. యాప్ నేర్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు, అది ఎప్పుడైనా నేర్చుకోవచ్చు. ఈ ఆదివారం మాత్రం ఆల్బమ్ పట్టుకుని అమ్మమ్మ దగ్గరకి వెళ్లండి.